కొండెక్కాక ఆకలేస్తే

చలి మొదలైందంటే చాలు, నాకొచ్చే ఉత్తరాల్లో సగం ఒకటే అడుగుతాయి, అక్కా అరకు పోతున్నాం ఎక్కడ తినాలి అని. ఒక్కొక్కరికీ విడివిడిగా రాసి రాసి చెయ్యి లాగేస్తోంది, అందుకే ఈసారి శీర్షిక మొత్తం కొండకే ఇచ్చేశా. మాది చోడవరం వైపు, పాడేరు ఘాట్ అంటే మాకు పెరటి దారి లాంటిది, చిన్నప్పట్నించీ ఎక్కుతూ దిగుతూనే ఉన్నా. గుహలు ఎన్నింటికి తెరుస్తారు, జలపాతంలో నీళ్ళున్నాయా అని అడిగినవాళ్ళు ఏమనుకోకండి, ఇది తిండి పేజీ.

అక్కా, మేం తొమ్మిది మందిమి, ఇద్దరు చిన్నపిల్లలు. పోయినేడు డిసెంబర్‌లో అరకు వెళ్తే ఊళ్ళోకి దిగేసరికి మధ్యాహ్నం మూడున్నర అయింది. నాలుగు హోటళ్ళు తిరిగితే రెండింట్లో అయిపోయిందన్నారు, ఒకదాంట్లో గంట కూర్చోబెట్టి చల్లారిపోయిన ఫ్రైడ్ రైస్ పెట్టారు, పిల్లలు చిప్స్ తిని పడుకున్నారు. ఈసారి మా అత్తయ్యగారు కూడా వస్తున్నారు, ఆవిడ ఉల్లి వెల్లుల్లి ముట్టరు. మంచి హోటళ్ళ పేర్లు నాలుగు చెప్పండి చాలు. (ఓ కోడలు, కూకట్‌పల్లి)

పేర్లు చెప్తే మీ పని అవదమ్మా. నేను నాలుగు పేర్లు చెప్పినా మీరు మూడున్నరకి వెళ్తే ఆ నాలుగింట్లోనూ అయిపోయిందనే అంటారు. అరకు చిన్న ఊరు, మామూలు మంగళవారం ఎంతమంది తింటారో ఆ లెక్కకి ఉన్న వంటిళ్ళు అవి, చలికాలం శనాదివారాలు వచ్చేసరికి జనం ఒక్కసారి మీద పడిపోతారు. కూర అయిపోతే పక్క వీధికెళ్ళి సరుకు తెచ్చుకుందామంటే అక్కడ పక్క వీధి అంటూ లేదు కదా. దానికి తోడు విశాఖలో ఏడింటి లోపు బయల్దేరే కిరండూల్ రైలు పదకొండింటికి అటూ ఇటుగా అరకులో దింపుతుంది, అందులోవాళ్ళంతా ఒక మ్యూజియం చూసి, ఒక తోట చూసి, పన్నెండున్నరకి ఆకలని బయల్దేరతారు. ఆ గుంపు తిని లేచాక మీరు వెళ్ళారు. ఇంక ఏముంటుంది, గిన్నె అడుగున మాడు తప్ప.

కాబట్టి కారులో వెళ్ళేవాళ్ళు ఇలా పెట్టుకోండి. విశాఖలో చీకటితోనే బయల్దేరండి, అరకు 115 కిలోమీటర్లే గానీ ఘాట్ ఉంది, పిల్లలున్నారు, మూడున్నర గంటలు వేసుకోండి. ఘాట్ ఎక్కకముందు చివరి పెద్ద ఊరు శృంగవరపుకోట, అందరూ ఎస్.కోట అంటారు, టిఫిన్ అక్కడే కడుపు నిండా తినేయండి, పెసరట్టు ఉప్మా తింటే ఒంటిగంట దాకా ఢోకా లేదు. పిల్లలకి మాత్రం ఘాట్ ముందు ఇడ్లీతో ఆపేయండి, పూరీ కూర పెట్టి ఆ మలుపులు తిప్పితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. తాటిపూడి రిజర్వాయర్ అటు పక్కనే ఉంది కదా చూసేసి పోదామని ఎవరో ఒకరు అంటారు, వద్దు, తిరుగు ప్రయాణంలో చూసుకోండి, ఆ గంట ఆలస్యమే మీ మధ్యాహ్నం భోజనాన్ని మింగేస్తుంది.

భోజనం సంగతి ముందు రోజు రాత్రే తేలిపోవాలి. మీరు దిగే లాడ్జివాళ్ళకి ఫోన్ చేసి, రేపు తొమ్మిది మందికి భోజనం ఎవరు పెడతారు అని అడగండి, వాళ్ళకి తెలిసిన మెస్సు ఒకటి కచ్చితంగా ఉంటుంది, ఆ నంబరు తీసుకుని మీరే మాట్లాడండి. ఇన్ని ప్లేట్లు, ఇన్నింటికి, ఇందులో ఒకటి ఉల్లి లేకుండా పప్పూ ఒక వేపుడూ, అని విడమర్చి చెప్పండి. ముందు చెప్తే ఉల్లి లేకుండా పప్పు చేయడం ఎవరికీ కష్టం కాదు, అప్పటికప్పుడు అడిగితే మాత్రం ఉన్న సాంబార్లోంచి ముక్కలు ఏరేసి ఇస్తారు. అదీ కుదరకపోతే పర్యాటక శాఖ వాళ్ళ హరిత రెస్టారెంట్లు అనంతగిరిలో ఉన్నాయి, అరకులో ఉన్నాయి, గది తీసుకోకపోయినా భోజనం చేయొచ్చు, రుచి గురించి నేను పాటలు పాడను గానీ వేడిగా, శుభ్రంగా పెడతారు.

అత్తయ్యగారికి ఇంటి నుంచి ఒక డబ్బా పులిహోర పట్టుకెళ్ళండి, ఆ చలికి రెండో పూట దాకా బావుంటుంది. ఊరగాయ తీసుకెళ్తే మాగాయ తీసుకెళ్ళండి, ఆవకాయలో చాలా ఇళ్ళల్లో వెల్లుల్లి వేస్తారు, అక్కడికెళ్ళి మూత తీశాక గుర్తొస్తే ఆ రోజంతా మీకు ఊరగాయ కంటే ఘాటుగా గడుస్తుంది.

అక్కా, మేం బొర్రా గుహల కాడ బొంగు చికెన్ తిన్నం. పైన మంచిగనే ఉండె గని బొక్క కాడ ఎర్రగ ఉండె, సగం పారేసినం. మా తమ్ముడేమో అది ముందే ఉడకబెట్టి బొంగుల పోసి కాల్చినట్టు చూపెడ్తరు అంటడు. నిజమేనా? మంచిది ఎట్ల గుర్తుపట్టాలె? (కరీంనగర్ నుంచి ఒక పాఠకుడు)

మీ తమ్ముడి అనుమానం పూర్తిగా తప్పు కాదు తమ్ముడూ, రద్దీ రోజుల్లో కొందరు పొద్దున్నే సగం కాల్చి పక్కన పెట్టేసి, మీరు అడిగాక మళ్ళీ వేడి చేసి ఇచ్చేస్తారు. అందుకే నేనెప్పుడూ బోర్డు చూసి ఆగను, కూరడం కళ్ళ ముందు జరిగే చోట ఆగుతా.

అసలు పద్ధతి చూస్తే చాలా తేలిక, కాకపోతే ఓపిక కావాలి. పచ్చి వెదురు, అంటే అప్పుడే కొట్టిన ఆకుపచ్చ బొంగు, కణుపు అడుగున మూతలా ఉండేట్టు కోస్తారు, పై వైపు తెరిచి ఉంటుంది. చికెన్ ముక్కలకి ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి, కొత్తిమీర, ఒక నిమ్మచెక్క పట్టిస్తారు, నూనె చుక్క కూడా వెయ్యరు. అది బొంగులోకి కూరి, పైన ఆకు ఉండచుట్టి బిరడాలా గట్టిగా కుక్కుతారు. మంట మీద కాదు, నిప్పుల మీద, ఏటవాలుగా పెట్టి తిప్పుతూ ఉంటారు. కాసేపటికి ఆకు పక్కల నుంచి ఆవిరి బుసబుసమని వస్తుంది, పచ్చ బొంగు పసుపు రంగుకి మారి, తర్వాత మచ్చలు మచ్చలుగా నల్లబడుతుంది. పచ్చి వెదుర్లో ఉన్న తడే లోపల ఆవిరవుతుంది, కోడి కొవ్వు కరిగి నూనె పని చేస్తుంది. ముప్పావు గంట పడుతుంది. అయ్యాక బొంగుని వంచి ఆకులో పోస్తే రసంతో సహా జారిపడుతుంది, ఆ మొదటి పొగలో ఒక వాసన ఉంటుంది చూడండి, తడి గడ్డి కాల్చినట్టూ ఉంటుంది, చెరుకు రసం కాగినట్టూ ఉంటుంది, అది ఇంట్లో ఏ కుక్కర్‌కీ రాదు.

ఇప్పుడు మీ ఎర్రదనం సంగతి. రెండు కారణాలు ఉంటాయి. ఒకటి, తొందరకి మంట పెంచేస్తే బొంగు బయట కాలిపోతుంది, లోపల ముక్క ఉడకదు. రెండోది, ఫారం కోడి లేతది కాబట్టి ఎముక లోపలి మూలుగ రంగు బయటికి దిగి, బాగా ఉడికినా ఎముక దగ్గర ఎర్రగా కనిపిస్తుంది, అది పచ్చిదని కాదు. తేడా ఎలాగంటే, ముక్కని వేళ్ళతో లాగండి, ఎముక నుంచి పోగులు పోగులుగా విడిపోతే ఉడికినట్టే, జిగటగా సాగుతూ గులాబీ రంగు నీరు కారితే మొహమాటం లేకుండా వెనక్కిచ్చి ఇంకో పావుగంట కాల్చమనండి. నాటు కోడి అంటే ఇంకా ఎక్కువసేపు పడుతుంది, నాటు కోడి అని చెప్పి పావుగంటలో చేతికిస్తే అది నాటూ కాదు, అప్పుడు కాల్చిందీ కాదు.

పొయ్యి పక్కన పడేసిన ఖాళీ బొంగులు కూడా చూడండి, అవి ఒక్కసారి కాలినవై ఉండాలి. లోపలా బయటా బొగ్గులా నల్లగా, పగుళ్ళిచ్చి ఎండిపోయిన బొంగులో మళ్ళీ మాంసం కూరుతున్నారంటే అక్కడ ఇంక వెదురు తడీ లేదు, రుచీ లేదు. రేటు కేజీ లెక్కనా బొంగు లెక్కనా అని కూరకముందే తేల్చుకోండి. బొర్రా జంక్షన్ దగ్గర, అనంతగిరి దారిలో, అరకులో, డుంబ్రిగూడ దగ్గర చాపరాయి గెడ్డ ఒడ్డున, అన్నిచోట్లా దొరుకుతుంది, వాళ్ళకి చెప్పేసి గుహలు చూసొస్తే సరిగ్గా టైం సరిపోతుంది. మీరు గోదావరి వైపు వెళ్తే మారేడుమిల్లిలో తినండి, ఆ వూరివాళ్ళని అడిగితే బొంగు చికెన్ మాదే అంటారు, అరకువాళ్ళని అడిగితే మాదే అంటారు, ఆ పంచాయితీలోకి నన్ను లాగకండి.

మేడమ్, కొండ మీద జీలుగు కల్లు తాగొచ్చా? (పేరు వద్దన్నారు)

చెట్టు దించిన పొద్దున తియ్యగా ఉంటుంది, ఎండ ఎక్కేకొద్దీ పులుస్తుంది, పులిసేకొద్దీ ఎక్కుతుంది. చెట్టు దింపినవాళ్ళు తెలిసుండాలి, ఘాట్‌లో బండి నడిపేది మీరు కాకూడదు, ఈ రెండూ కుదరకపోతే కొబ్బరిబోండం తాగండి. రోడ్డు పక్కన ప్లాస్టిక్ సీసాలో ఎవరో అమ్మేది మాత్రం ముట్టొద్దు బాబూ.

అక్కా మేం ఆరుగురం ఫ్రెండ్స్, రాజమండ్రి నుంచి బైకుల మీద లంబసింగి ప్లాన్ చేసాం, రాత్రికి టెంట్, తెల్లారి మబ్బులు. మా సీనియర్స్ ఏమన్నారంటే అక్కడ మ్యాగీ తప్ప ఏం దొరకదు అన్నారు. తాజంగి చెరువు దగ్గర ఫ్రెష్ ఫిష్ దొరుకుతుందా?

మీ సీనియర్లు తెల్లవారుజామున ఐదింటి మాట చెప్పారు, ఆ టైంలో అయితే నిజమే. లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరు ఉంది, ఆరుబయట పడుకుంటే కొర్రలా, అంటే కొయ్యలా బిగుసుకుపోతారని. సుమారు 1000 మీటర్ల ఎత్తు, జనవరిలో సున్నా దగ్గరికి దిగిపోయిన రోజులున్నాయి. అలాంటి చోట చెరువులవేనం వ్యూ పాయింట్ కింద నాలుగింటికే పొయ్యి వెలిగించి మ్యాగీ, బ్రెడ్ ఆమ్లెట్, ఉడకబెట్టిన గుడ్లు, టీ ఇస్తున్నారంటే అదే గొప్ప. టీ పేపర్ కప్పులో పోసిన రెండు నిమిషాలకి చల్లారిపోతుంది, సెల్ఫీ తర్వాత, ముందు తాగేయండి. స్టీలు గ్లాసు ఒకటి తీసుకెళ్ళండి, ఎవరైనా నవ్వితే నవ్వనీయండి, చేతులకి వెచ్చగా ఉంటుంది.

రాత్రి భోజనం మాత్రం అక్కడికెళ్ళి చూసుకుందాం అనుకోవద్దు. నర్సీపట్నం దాటితే పెద్ద ఊరు లేదు, అక్కణ్ణించి లంబసింగి 30 కిలోమీటర్లు, చీకట్లో ఘాట్. టెంట్ ఇచ్చేవాళ్ళు భోజనం కూడా కలిపే ఇస్తామంటారు, ఏం పెడతారో, ఎన్నింటికి పెడతారో, ఎంతమందికో ఫోన్‌లో తేల్చుకోండి. ఆరుగురికి చెప్పి ఎనిమిది మంది దిగితే చపాతీలు లెక్కపెట్టుకుని తినాలి. క్యాష్ ఉంచుకోండి, సిగ్నల్ లేనిచోట ఫోన్‌పే గీకుతూ నిలబడితే వెనకవాడి ఆమ్లెట్ కూడా చల్లారిపోద్ది.

మబ్బులు చూశాక అక్కడే కడుపు నింపేసుకోకండి, 20 కిలోమీటర్లు ముందుకెళ్తే చింతపల్లి, మండల కేంద్రం, తొమ్మిదింటికల్లా వేడి ఇడ్లీ, పూరీ, గారెలు దొరుకుతాయి, ఊరివాళ్ళు తినే టిఫిన్ కాబట్టి రేటూ మామూలుగానే ఉంటుంది.

తాజంగి చేపల గురించి నా మాట ఏంటంటే, నీళ్ళు కనపడినంత మాత్రాన చేప ఆ నీళ్ళదే అనుకోవద్దు. ఐసుపెట్టెలో కింద నుంచి ఘాట్ ఎక్కొచ్చిన చేపని కూడా రిజర్వాయర్ గట్టు మీద వేయిస్తే రిజర్వాయర్ చేపలాగే కనిపిస్తుంది. మొప్పలు తెరిచి చూపించమనండి, ఎర్రగా తడిగా ఉంటే తీసుకోండి, మట్టి రంగులోకి తిరిగితే నమస్కారం పెట్టి కదలండి. దాని బదులు సీజన్లో దారి పక్కన తోటల దగ్గర స్ట్రాబెర్రీలు అమ్ముతారు, అవి నిజంగా అక్కడ పండేవే. పెట్టె తిరగేసి అడుగు వరస చూసి కొనండి, పై వరస ఎప్పుడూ ఎర్రగానే ఉంటుంది.

నమస్తే అండీ, మేము డాలస్‌లో ఉంటాం, జనవరిలో వైజాగ్ వస్తున్నాం. పిల్లలకి అసలైన గిరిజన వంటలు రుచి చూపించాలని ఉంది, నేను వెజిటేరియన్ కూడా. రిసార్టుల్లో ట్రైబల్ థాలీ అని ఉంటుందా?

ఎక్కడైనా మెనూలో ఆ పేరు కనిపిస్తే నాకు ముందు అనుమానమే వస్తుందండి. కొండ మీద వాళ్ళ తిండి హోటల్లోకి రాలేదు, వాళ్ళ ఇళ్ళల్లోనే ఉండిపోయింది. బొంగు చికెన్ ఒక్కటే రోడ్డు మీదికొచ్చి పేరు తెచ్చుకుంది. అక్కడ రోజూ తినేది చోడి అంబలి, సామ అన్నం, ఆకుకూరలు, దుంపలు, చిక్కుళ్ళు, రాజ్మా. మీకు రాగి అంటే తెలుస్తుందేమో, మా వైపు చోడి అంటాం. చోడి పిండి ముందు రోజు నీళ్ళల్లో కలిపి పులవనిచ్చి, పొద్దున నూకలతో కలిపి కాచి, చల్లారాక ఉల్లిపాయ పచ్చిమిరపకాయ నంజుకుని తాగుతారు. పొలానికి వెళ్ళేవాళ్ళు ఎండిన ఆనపబుర్రలో పోసుకుని భుజాన వేసుకెళ్ళడం నేను చిన్నప్పుడు ఎన్నిసార్లు చూశానో, అందులో మధ్యాహ్నం దాకా చల్లగా ఉంటుంది. ఇప్పుడు స్టీలు క్యాన్లు వచ్చేశాయిలెండి, బుర్రలు మ్యూజియంలోకి, రిసార్టు గోడల మీదికి ఎక్కాయి.

మీరు వెజిటేరియన్ కాబట్టి మీకే మేలు. మెస్సువాళ్ళని ముందు రోజే అడగండి, చికెన్ వద్దు, ఏజెన్సీ రాజ్మా కూర చేస్తారా, చోడి అంబలి పోస్తారా, సామలు వండుతారా అని. చింతపల్లి, పాడేరు వైపు రాజ్మా బాగా పండుతుంది, పంజాబీ హోటల్లోలా టమాటా గ్రేవీ కాకుండా అల్లం, పచ్చిమిర్చి వేసి పల్చగా వండితే అన్నంలోకి అదిరిపోతుంది. వెదురు కొమ్ముల కూర అడుగుతారు చాలామంది, అది వానాకాలం తిండి, లేత మొలక తవ్వుకొచ్చి సన్నగా తరిగి ఉడకబెట్టి ఆ నీళ్ళు పారబోసి వండాలి, చేదే కాదు, పచ్చిది ఒంటికి మంచిది కూడా కాదు. జనవరిలో తాజా కొమ్ములు అంటే నమ్మకండి.

పిల్లలకి చూపించాలంటే సంతకి తీసుకెళ్ళండి. ఒక్కో ఊళ్ళో వారానికి ఒక రోజు, లాడ్జిలో అడిగితే ఆ వారం ఏ ఊరి సంత దగ్గరో చెప్తారు, పొద్దున తొమ్మిదికి వెళ్ళండి. అల్లం, పసుపు కొమ్ములు, మిరియాలు, రాజ్మా, పేరు తెలియని ఆకుకూరలు నేల మీద కుప్పలు పోసి కూర్చుంటారు ఆడవాళ్ళు. ఈ ఆకు ఎలా వండుతారమ్మా అని అడిగి చూడండి, కొనకపోయినా నవ్వుతూ చెప్తారు. బేరం మాత్రం ఆడొద్దండీ, డాలస్‌లో పార్కింగ్‌కి ఇచ్చినంత కూడా అవదు ఆ కుప్ప.

అక్కా అరకు కాఫీ పొడి తెచ్చాం, మా మావయ్యగారు తాగి ఇది కాఫీయా కషాయమా అన్నారు. మోసపోయామా? (తెనాలి)

మోసపోలేదు, మావయ్యగారి నాలుకకి చికోరీ అలవాటు. మనం ఇళ్ళల్లో తాగే ఫిల్టర్ కాఫీ పొడిలో చాలా వాటికి చికోరీ కలుస్తుంది, డికాషన్‌కి ఆ నలుపూ చిక్కదనం దాని వల్లే. అరకుది అరబికా, రోబస్టా అంత మొరటుగా ఉండదు, కొంచెం పులుపు తగులుతుంది. 2019లో దీనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, సిల్వర్ ఓక్ చెట్ల నీడన పెరుగుతుంది, ఆ చెట్ల మీదికే మిరియాల తీగలు పాకిస్తారు. నవంబర్ నుంచి పళ్ళు కోస్తారు, మీరు డిసెంబర్‌లో వెళ్తే అనంతగిరి దగ్గర తోటల్లో ఎర్ర పళ్ళు కనిపిస్తాయి, ఒకటి నోట్లో వేసుకుని చూడండి, పైన గుజ్జు తియ్యగా ఉంటుంది, కాఫీ వాసనే రాదు.

పొడి ఒకటిన్నర రెట్లు వేసి, పాలు సగం తగ్గించి మళ్ళీ ఇచ్చి చూడండి. ఇంకా ఒప్పుకోకపోతే ఆయన చికోరీ ఆయనకిచ్చేసి ఇది మీరు తాగండి. కొనేటప్పుడు ప్యాకెట్ వెనక చదవండి, చికోరీ కలిపితే ఎంత శాతమో రాయాలి, ఏమీ రాయకుండా అరకు కాఫీ అని స్టిక్కర్ ఒక్కటే అంటించిన కవర్లు కొనద్దు. గిరిజన సహకార సంస్థ, జీసీసీ అంటారు, 1956 నుంచి ఉంది, వాళ్ళ దుకాణంలో కాఫీతో పాటు తేనె, పసుపు కూడా దొరుకుతాయి, నా ఓటు దానికే.

మత్స్యగుండంలో అన్ని చేపలున్నాయి కదా, అక్కడ చేపల కూర బావుంటుందా?

అయ్యో! అక్కడ చేపని పట్టరండీ, దేవుడిలా చూస్తారు. పక్కనే శివాలయం, వచ్చినవాళ్ళు మరమరాలు వేస్తే నీళ్ళు మరిగినట్టు పైకొస్తాయి చేపలు. అక్కడ మీరు తినరు, పెడతారు.

మాడుగుల హల్వా కోసం దారి మళ్ళొచ్చా అండీ, లేక ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే అదే రుచా?

పాడేరు నుంచి గరికబంద మీదుగా దిగితే మాడుగుల దారిలోనే, మళ్ళడం ఏముంది. గోధుమలు నానబెట్టి, రుబ్బి, పాలు పిండి, ఆ పాలు పులవనిచ్చి, పంచదార పాకంలో నెయ్యి పోస్తూ గంటల తరబడి తిప్పితే వచ్చేది అది. కొత్త పెళ్ళికొడుకులకి ప్రత్యేకంగా పెడతారని ఒక మాట ఉంది, దాని మీద జోకులు మా ఊళ్ళో చాలా ఉన్నాయి, పత్రికలో రాయడానికి కుదరదు. కొట్టులో వెచ్చగా ఉన్నప్పుడు ఆకులో పెట్టించుకుని తినండి, జీడిపప్పు నెయ్యిలో జారుతూ ఉంటుంది. డబ్బాలో వచ్చింది కూడా అదే హల్వా, కాకపోతే చలికి నెయ్యి పేరుకుపోయి తెల్లగా ఉంటుంది, అది చూసి పాడైపోయిందని పారేయకండి, వేడి నీళ్ళ గిన్నెలో డబ్బా పెట్టి పది నిమిషాలు ఆగండి.

అందరికీ చెప్తారు గానీ అక్కా, మీరు వెళ్తే మీరెక్కడ తింటారు? (విజయనగరం)

పాడేరులో ఒక మెస్సు, పేరు బోర్డు కూడా లేదు, నాలుగు బల్లలు. పదేళ్ళ కిందట మొదటిసారి అక్కడ ఆరుగురికి భోజనం చెప్పాం ఫోన్‌లో, ఒంటిగంటకి వస్తాం అని. వంజంగి కొండ దిగి, ఇక్కడో ఫోటో అక్కడో ఫోటో అని ఆగి ఆగి, మా ఆయన దారిలో దొరికిన ప్రతి టీకొట్టులోనూ స్నేహం చేసి, వెళ్ళేసరికి మూడుంబావు. ఇంక ఉండదు, పోయి ఎక్కడో బిస్కెట్లు కొనుక్కుందాం అనుకుంటూనే వెళ్ళాం. మేం గుమ్మంలో ఉండగానే ఎవరో ఇద్దరు లారీవాళ్ళు భోజనం ఉందా అని అడిగితే ఆవిడ లేదు అనేసింది. మేం ఆరుగురం అనగానే మాత్రం పొయ్యి మీద మూత తీసింది, అన్నం, రాజ్మా కూర, చింతపండు చారు, గోంగూర, అన్నీ ఆరుగురికి లెక్కగా ఆపి ఉంచింది. ఆ ఇద్దర్నీ పంపేశారేంటండీ, మేం రాకపోతే ఏం చేసేవారు అని నేనడిగా. చెప్పారు కదమ్మా మీరు, అంది, అంతే. తను కూడా అప్పటికి తినలేదు, మేం తిన్నాక మిగిలిన చారు పోసుకుని మా పక్క బల్ల మీద కూర్చుని తింది. తలెత్తి చూడలేకపోయాం.

ఇప్పటికీ ఆవిడకి ఫోన్ చేసి ఒంటిగంటకి వస్తాం అంటే, నిజంగా ఎన్నింటికమ్మా అని అడుగుతుంది. రెండున్నర అని చెప్తా.